కిందికి చూడనంత కాలం

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. నేను కార్టూన్లు చూడను. అధ్యయనం చేస్తాను. రాత్రి పదకొండున్నరకు దుప్పటి ముసుగులో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ వెలుతురు బయటికి పొక్కకుండా చేసే పనిని అధ్యయనం అనక ఏమంటారు? మధ్యమధ్యలో మంచం ఊగేలా నవ్వు వస్తే అది పరిశోధన ఫలించిందనడానికి గుర్తు.

మా ఇంట్లో ఈ వాదన నిలబడలేదు. మొన్న రాత్రి ఒక పిల్లి నెత్తిన పియానో పడే కీలక ఘట్టంలో నా నవ్వు దుప్పటి దాటి వెళ్ళింది. లైటు వెలిగింది. "ఏమండీ, రేపు ఆఫీసు లేదా?" అంది మా ఆవిడ. పక్క గదిలోంచి మా అమ్మాయి వచ్చి, ఫోన్‌లోకి తొంగి చూసి, "నాన్నా, చూస్తే చూశావు, కాస్త కథ ఉన్నదేదైనా చూడొచ్చు కదా" అంది. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్ల. స్ప్రింగులు, కప్పీలు, మీటలు, కొండ అంచులు ఇన్ని ఉన్న సినిమాలో తన చదువుకు పనికొచ్చేది ఏమీ కనిపించలేదంటే నేను కడుతున్న ఫీజుల గురించి ఆలోచించుకోవాల్సిందే.

అందుకే ఈ వ్యాసం. ఆత్మరక్షణ కోసం రాస్తున్నాడని కొందరు అనుకోవచ్చు, అనుకోనివ్వండి. నేను చెప్పదలచుకున్నది ఇది. 1940, 50 దశకాల్లో అమెరికా థియేటర్లలో పెద్ద సినిమాకు ముందు ఏడేసి నిమిషాల దెబ్బలాట కార్టూన్లు వేసేవారు. టామ్ అండ్ జెర్రీ, రోడ్ రన్నర్ వగైరా. ఇంతవరకు తెరకెక్కిన వాటిలో వాటిని మించిన వాస్తవిక చిత్రాలు లేవు. కుటుంబ కథలు, జీవిత చరిత్రలు, వార్తలు అన్నీ వాటి తర్వాతే. వార్తలైతే మరీ తర్వాత.

నమ్మని వాళ్ళ కోసం ఒక్క దృశ్యం తీసుకుందాం.

ఎడారి. ఎర్రటి కొండ. అంచు దాకా వచ్చిన రోడ్డు అక్కడ చటుక్కున ఆగిపోయింది. రోడ్ రన్నర్ పక్షి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. దాని వెనకాలే ఆకలితో పరిగెత్తుకొచ్చిన కొయోటీ, అంటే తోడేలు లాంటి జంతువు, తిరగలేదు, తిన్నగా గాల్లోకి పోయాడు. పది అడుగులు పోయాడు, ఇరవై అడుగులు పోయాడు. కాళ్ళ కింద నేల లేదు. అయినా ఏమీ కాలేదు. ఆగాడు. ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించింది. ఒక కాలు చాపి కింద తడిమి చూశాడు. ఏమీ తగల్లేదు. మన వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు, గమనించండి. నలుగురి మధ్య జారిపడబోతున్న పెద్దమనిషి మొహంలో ఉండే మొహమాటం ఉంది. చెవులు వాలిపోయాయి. గుటక మింగాడు. అప్పుడు కిందికి చూశాడు. అప్పుడు పడ్డాడు. ముందు ఒళ్ళు పోయింది, తర్వాత మెడ సాగింది, తల మాత్రం ఇంకో క్షణం అక్కడే ఉండి, మన దగ్గర సెలవు తీసుకుని మరీ వెళ్ళింది.

భౌతికశాస్త్రం చదివిన వాళ్ళు దీన్ని తప్పంటారు. నా ఉద్దేశంలో తప్పు న్యూటన్‌ది. పడడానికి బరువు కారణం అనుకున్నాడాయన. కొయోటీ తన ఒళ్ళు హూనం చేసుకుని నిరూపించింది ఏమిటంటే, పడడానికి కారణం తెలియడం. కింద నేల లేదన్న సంగతి తెలియనంత సేపూ గాలి మనిషిని మోస్తుంది. తెలిసిందా, వదిలేస్తుంది.

దీన్ని తీసిన చక్ జోన్స్ ఆషామాషీ మనిషి కాదు, లెక్కల మనిషి. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల, అంటే 24 విడి బొమ్మల చొప్పున నడుస్తుంది. కొయోటీ పడడం మొదలుపెట్టాక చుక్కంత అయి కనుమరుగు కావడానికి 18 ఫ్రేములు. అక్కడి నుంచి అడుగున చిన్న దుమ్ము మేఘం లేవడానికి 14 ఫ్రేములు. 13 అయితే నవ్వు రాలేదట, 15 అయినా రాలేదట, 14 అయితేనే వచ్చిందట. ఒక ఫ్రేము అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు. దాని దగ్గర పట్టుబట్టి కూర్చున్నాడు. మా ఆఫీసులో మీటింగు నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైనా "కరెక్ట్ టైముకు వచ్చారు సార్" అంటారు.

నేను కాగితం, పెన్ను తీసుకుని మిగతా లెక్క కూడా వేశాను. 18, 14 కలిపితే 32 ఫ్రేములు, అంటే ఒక సెకను, దాని మీద మూడో వంతు. స్కూలు పుస్తకంలో ఉన్న సూత్రం ప్రకారం అంత సేపట్లో ఏ వస్తువైనా తొమ్మిది మీటర్లు కూడా పడదు. మూడంతస్తుల మేడ మీంచి పడినట్టు. కానీ తెర మీద చూస్తే ఆ లోయకు అడుగే కనిపించదు, కొయోటీ ఆవగింజంత అయిపోతాడు. అంటే ప్రకృతి నియమం ఒప్పుకునే దానికంటే ఎన్నో రెట్ల వేగంతో పడ్డాడన్నమాట. ఎందుకని? గాల్లో ఊరికే నిలబడ్డాడే, ఆ సేపటికి వడ్డీ కలిపి వసూలు చేశారు. ఎప్పుడైనా అప్పు తీసుకున్న వాళ్ళకు ఈ లెక్క నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ సూత్రం పట్టుబడ్డాక లోకం తీరు నాకు ఒక్కొక్కటిగా అర్థం కాసాగింది. లాభం మొహం ఎరగని కంపెనీలు పదేళ్ళపాటు గాల్లో పరుగులు తీయడం మనం చూస్తూనే ఉన్నాం. నష్టం వచ్చిన రోజున అవి పడవు. ఎవరో ఒక ఆడిటరు అంచు దగ్గర కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, "సార్, కింద ఏమీ లేదండీ" అన్న రోజున పడతాయి. అందుకే అనుభవం ఉన్న యాజమాన్యాలు ముందు ఆ ఆడిటర్ని మార్చేస్తాయి. ప్రాజెక్టుల సంగతీ అంతే. ఆరు నెలల్లో అయిపోతుందన్న పని మూడేళ్ళుగా సాగుతున్నా అందరూ హుషారుగా ఉంటారు. కొత్తగా చేరిన కుర్రాడెవడో "ఇది ఎవరి కోసం చేస్తున్నామండీ?" అని అడుగుతాడు. చెవులు వాలిపోతాయి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ కుర్రాణ్ణి వేరే టీముకు పంపిస్తారు కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది, మెడ సాగడం మొదలైపోయింది.

వ్యక్తిగతంగా కూడా నేను ఈ సూత్రాన్ని పాటించి మంచి ఫలితాలు సాధించాను. బరువు చూసుకునే మిషన్‌ను బీరువా మీద పెట్టించాను. ఆ రోజు నుంచి ఒక్క కిలో పెరగలేదు. ఆఫీసు వాళ్ళు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. నా రిపోర్టు ఫోన్‌కు వచ్చి నాలుగు రోజులైంది. తెరవలేదు. తెరవని రిపోర్టులో షుగరు ఎప్పుడూ నార్మలే. ఇది బద్ధకం అని మా ఆవిడ అభిప్రాయం. ఇది శాస్త్రం.

రోడ్ రన్నర్ మొదటి కార్టూన్ 1949లో వచ్చింది. తీసింది జోన్స్, రాసింది మైకేల్ మాల్టీస్. చాలా ఏళ్ళ తర్వాత జోన్స్ తన పుస్తకంలో ఈ సిరీస్‌కు పెట్టుకున్న నియమాలంటూ కొన్ని రాశాడు. పక్షి "బీప్ బీప్" అని బెదరగొట్టడం తప్ప కొయోటీకి ఏ హానీ చేయకూడదు. వీలున్నప్పుడల్లా గురుత్వాకర్షణే అతని పెద్ద శత్రువు కావాలి. దెబ్బల కంటే అవమానమే ఎక్కువ తగలాలి. కావాలంటే అతను ఎప్పుడైనా మానేయొచ్చు, కాకపోతే మొండివాడు. చాలా బాగున్నాయి. అయితే మాల్టీస్‌ను ఎవరో ఈ నియమాల గురించి అడిగితే, అలాంటివి ఉన్నట్టు తానెప్పుడూ వినలేదన్నాడు. ముందు పని జరిగిపోవడం, ఆ తర్వాత తీరిగ్గా రూల్సు పుట్టడం, పని చేసినవాడికి మాత్రం ఆ రూల్సు తెలియకపోవడం. ఇలాంటివి చూపించే సినిమాలో వాస్తవికత లేదని ఏ నోటితో అంటారు?

ఇక్కడ జంతుశాస్త్రం కూడా కొంచెం తెలియాలి. అమెరికా ఎడారుల్లో రోడ్ రన్నర్ అనే పక్షి నిజంగానే ఉంది, కోకిల కుటుంబానికి చెందినది. కొయోటీ కూడా ఉంది, తోడేలుకు దగ్గరి చుట్టం. నిజమైన కొయోటీ పరుగు ఆ పక్షి పరుగుకు దాదాపు రెట్టింపు. అంటే మన కథానాయకుడు చేయాల్సిందల్లా లేచి పరిగెత్తడమే. రెండు నిమిషాల్లో భోజనం అయిపోయేది. కానీ అతను పరిగెత్తడు. ఆర్డరు పెడతాడు.

ఆక్మీ అనే కంపెనీ నుంచి పెట్టెలు వస్తాయి. రాకెట్లు, స్ప్రింగులు, అయస్కాంతాలు, నీటి చుక్క పడితే కొండంత అయ్యే ఎండబెట్టిన బండరాళ్ళు. నట్టనడి ఎడారిలోకి కూడా డెలివరీకి ఆలస్యం ఉండదు. సరుకు మాత్రం సరిగ్గా అవసరమైన క్షణంలో మొరాయిస్తుంది. ఆక్మీ అన్న మాటకు గ్రీకులో శిఖరం అని అర్థం. కొనేవాణ్ణి అక్కడి నుంచి కింద పడేసే కంపెనీకి అంతకంటే నిజాయితీ గల పేరు దొరకదు. భూకంపం మాత్రలని ఒక సీసా తెప్పిస్తాడు. పక్షికి పెడతాడు. అది తిని పోతుంది, ఏమీ కాదు. ఇవేం మాత్రలు, నకిలీవేమోనని చిరాకుపడి సీసాలోవన్నీ తనే మింగేస్తాడు. ఆ తర్వాత తీరిగ్గా సీసా మీద చిన్న అక్షరాలు చదువుతాడు. ఈ మాత్రలు రోడ్ రన్నర్ల మీద పనిచేయవు అని రాసి ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది లోపల వణుకు.

అంత డబ్బు ఉన్నవాడు ఆ డబ్బుతో భోజనమే తెప్పించుకోవచ్చు కదా అని అడిగే తెలివిగలవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మా ఇంటికొచ్చి ట్రెడ్‌మిల్ చూడాలి. నడవడానికి ఇంటి ముందు రోడ్డు ఉంది, ఉచితంగా ఉంది. అయినా తెప్పించాను. రెండు వారాలు నడిచాను. ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరతాయి. కొయోటీని చూసి నవ్వేటప్పుడు నేను ఆ తువ్వాళ్ళ వైపు చూడను. సూత్రం మీకు తెలిసిందే.

బండ మీద సొరంగం బొమ్మ గీసే దృశ్యం కూడా ఉంది. గీసినవాడు వెళ్ళి గుద్దుకుంటాడు, పక్షి మాత్రం ఆ బొమ్మలోంచే దూసుకుపోతుంది. ఒకే గోడ, ఒకే రంగు, ఒకే చట్టం. ఒకరికి దారి, ఇంకొకరికి బండ. ఏదైనా కౌంటరు ముందు కాగితాలు పట్టుకుని నిలబడినవాడు దీన్ని ఫాంటసీ అనడు.

ఇక పిల్లి, ఎలుక. మన పెద్దలకు ఈ జంట మీద ఉన్నంత శ్రద్ధ మరే జంట మీదా లేదు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అన్నారు. విలియం హానా, జోసెఫ్ బార్బెరాలకు తెలుగు వచ్చిన దాఖలాలు లేవు. అయినా 1940 నుంచి 1958 దాకా విడుదలైన వాళ్ళ 114 టామ్ అండ్ జెర్రీ కార్టూన్లలో మొదటి సామెతను తలకిందులు చేశారు, మిగతా రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు తెరకెక్కించారు.

ముఖ్యంగా 1944లో వచ్చిన "మౌస్ ట్రబుల్". ఆస్కార్ వచ్చిన చిత్రం కాబట్టి దీన్ని నేను పగలు కూడా చూస్తాను. ఎలుకను పట్టడం ఎలా అన్న పుస్తకం ఒకటి టామ్ చేతికొస్తుంది. ఇకనుంచి వాడు మామూలు పిల్లి కాదు, చదువుకున్న పిల్లి. ఒక్కొక్క అధ్యాయమే చదవడం, చదివింది చదివినట్టు చేయడం. ఒకసారి ట్రాప్ పెడతాడు. జెర్రీ వచ్చి జున్నుముక్క తీసుకుని క్షేమంగా వెళ్ళిపోతాడు. ఎందుకు పనిచేయలేదా అని టామ్ వేలు పెట్టి చూస్తాడు. ఇప్పుడు పనిచేస్తుంది. మూలకు చిక్కిన ఎలుక ఎన్నడూ తిరగబడదని ఒకచోట రాసి ఉంటుంది. వెళ్ళి మూలకు తరుముతాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మనకు సరిగ్గా కనిపించదు, చప్పుళ్ళు మాత్రం వినిపిస్తాయి. టామ్ నలిగిపోయి బయటికొచ్చి మన వైపు తిరిగి ఒక్క మాట అంటాడు. అది నమ్మకండి అని. మొత్తం చిత్రంలో వాడు పుస్తకాల గురించి ఇచ్చిన సమీక్ష అదొక్కటే. ఇంత క్లుప్తమైన సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

మధ్యలో తుపాకీ పేలి నడినెత్తి మీది బొచ్చు ఎగిరిపోతుంది. అక్కడి నుంచి వాడు నారింజ రంగు విగ్గు పెట్టుకుని తిరుగుతాడు. దాని గురించి ఎవరూ ఏమీ అనరు. ఈ విగ్గు దగ్గర నేను ప్రతిసారీ ఫోన్ ఆపి కొంచెం సేపు ఆలోచిస్తాను. వాడు ఇంట్లో ఒంటరిగా ఎలుకను తరుముతున్న పిల్లి. చూసేవాళ్ళు లేరు. అయినా బోడినెత్తితో తిరగడానికి ఒప్పుకోలేదు. మర్యాద అంటే అదీ. నెత్తిన పియానో పడినా నవ్వు రావాలంటే ముందు ఆ నెత్తికి కొంత గౌరవం ఉండాలి. ఈ రహస్యం తెలిసే 1947లో అదే పిల్లికి కోటు తొడిగి, కచేరీ వేదిక ఎక్కించి, ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు స్వరపరిచిన హంగేరియన్ రాప్సొడీ వాయించమన్నారు. ఎలుక పియానో లోపల నిద్రపోతోంది. ఇంకేం కావాలి? జనం ముందు కూర్చున్నవాడు లేచి తన్నలేడు, అరవలేడు, వాయిస్తూనే ఉండాలి. నా అనుమానం, అది తీసినవాళ్ళు ఎప్పుడో ఒకసారి పై అధికారుల ముందు ప్రెజెంటేషన్ ఇస్తుండగా జేబులో ఫోన్ మోగిన బాధితులు. అప్పటికి జేబు ఫోన్లు లేవు కదా అంటారేమో. బాధ ఉంది కదా.

మళ్ళీ విగ్గు దగ్గరికి వద్దాం. చివరికి టామ్‌కు చదువు మీద నమ్మకం పోయి పుస్తకం చింపేస్తాడు. ఇంట్లో ఉన్న పేలుడు సామాను అంతా తెచ్చి ఎలుక కలుగు ముందు పేరుస్తాడు. నిప్పంటిస్తాడు. ఇల్లు మొత్తం లేచిపోతుంది. పొగ విడిపోయాక చూస్తే ఎలుక కలుగు ఉన్న కాస్త గోడ, అందులో జెర్రీ, అంతే మిగిలాయి. పిల్లి మేఘమెక్కి పైలోకాలకు పోతుంటాడు. మన సామెతలో ఇల్లు తగలబడ్డాక ఎలుక ఏమైందో చెప్పలేదు. వీళ్ళు ఆ లోటు తీర్చారు.

ఇక అభ్యంతరాలు. హింస ఎక్కువ అంటారు. ఇలాంటి దెబ్బలాట హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే సరిపోతుంది. పాతకాలం ఇటలీ హాస్య నాటకాల్లో నటులు రెండు పలచటి చెక్కలు కలిపి కట్టిన ఒక కర్ర వాడేవారు. దాంతో కొడితే రెండు చెక్కలూ ఒకదానికొకటి తగిలి ఫెడేల్మని మోగేది, దెబ్బ మాత్రం తగిలేది కాదు. చప్పుడు బోలెడు, నొప్పి లేదు. మనకు బయట దొరికే దెబ్బలేమో దీనికి సరిగ్గా ఉల్టా. చప్పుడు ఉండదు, నొప్పి పదేళ్ళు ఉంటుంది. ఉద్యోగం పోయినప్పుడు కనీసం వెనకాల ఒక తాళం మోగినా మనిషికి కాస్త ఊరట. అందుకని హింస తగ్గించాలనుకునేవాళ్ళు ముందు చప్పుడు లేని వాటి మీద పడితే బాగుంటుంది. ఇంతకంటే ఈ అభ్యంతరానికి సమయం కేటాయించలేను.

చప్పుడు అన్నాను కాబట్టి, సంగీతం. టామ్ అండ్ జెర్రీకి స్కాట్ బ్రాడ్లీ, రోడ్ రన్నర్‌ను తీయించిన వార్నర్ బ్రదర్స్ కార్టూన్లకు కార్ల్ స్టాలింగ్. పిల్లి మునివేళ్ళ మీద నడిస్తే ఒక్కొక్క అడుగుకూ వయొలిన్ తీగ ఒక్కొక్కటి మీటేవారు. మెట్ల మీంచి దొర్లితే ఒక్కొక్క మెట్టుకూ ఒక స్వరం. పిల్లి అడుగుల కోసం పెద్ద ఆర్కెస్ట్రా ఒకటి స్టూడియోలో కూర్చుని, నోట్సు చూసుకుంటూ, మొహాలు గంభీరంగా పెట్టుకుని వాయించింది. మా బాసు నా సీటు వెనక్కి వచ్చి నిలబడేటప్పుడు అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. ఇక టామ్ పెట్టే ఆ కేక, గొంతు చీరుకుపోయే ఆ అరుపు, అది దర్శకుల్లో ఒకడైన విలియం హానా గొంతే. కింద పనిచేసేవాడి బాధను పైనున్నవాడు తన గొంతుతో అరిచిన సందర్భం ఉద్యోగ చరిత్రలో నాకు ఇదొక్కటే కనిపించింది.

అయినా ఆఫీసు ఆఫీసే. ఈ సిరీస్‌కు ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఏడూ నిర్మాత ఫ్రెడ్ క్వింబీ పేరు మీదికే వెళ్ళాయి. బొమ్మలు వేసినవాళ్ళకు వేళ్ళ నొప్పులు, పిల్లికి పళ్ళు రాలడం, బొమ్మ వేయని ఆయనకు బంగారు బొమ్మ. దీన్ని విమర్శిస్తున్నానని అనుకోవద్దు, నేనూ ప్రమోషన్ కోసం చూస్తున్నవాణ్ణే.

1957లో టామ్ అండ్ జెర్రీని తీయించిన ఎంజీఎం సినిమా కంపెనీ వాళ్ళు తమ కార్టూన్ విభాగాన్నే మూసేశారు. కారణం సాదాసీదా. పాతవి మళ్ళీ విడుదల చేసినా కొత్తవి తీసినప్పటి ఆదాయానికి కాస్త అటూఇటుగా వస్తోందని లెక్కల్లో తేలింది. ఇరవై ఏళ్ళు హాయిగా గాల్లో పరిగెత్తిన స్టూడియో అది. లెక్కల పుస్తకం పట్టుకుని ఎవరో కిందికి చూశారు. హానా, బార్బెరాలు టీవీకి వెళ్ళారు. అక్కడ డబ్బు తక్కువ, అందుకని బొమ్మలూ తక్కువే వేయాలి. ఒళ్ళంతా కదిలించాలంటే ఖర్చు. జంతువులకు మెడలో కాలరు, టై తగిలించారు. ఒళ్ళు కట్టెలా ఉంచి, కాలరుకు పైన తల ఒక్కటే కదిలిస్తే సరిపోతుంది, అతుకు కూడా కనపడదు. నేను ఆఫీసుకు టై కట్టుకునే వెళ్తాను. మీటింగుల్లో నా తల ఒక్కటే కదులుతుంది, పైకీ కిందికీ.

ఇదంతా నిన్న రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయికి వివరంగా చెప్పాను. 18 ఫ్రేములు, 14 ఫ్రేములు, వడ్డీ లెక్క, కాగితం మీద సూత్రంతో సహా. శ్రద్ధగానే విన్నది. కాగితం తీసుకుని సరిచూసింది, తప్పు దొరకలేదు. "అయితే నాన్నా, కింద చూడకపోతే పడరా?" అంది. పడరన్నాను. "ఎప్పటికీ?" అంది. సిద్ధాంతాల దగ్గర అంత సూటి ప్రశ్నలు అడగకూడదని ఆ కాలేజీలో చెప్పినట్టు లేదు.

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా మా ఆవిడ నా ఫోన్ పట్టుకుని వచ్చింది. కరెంటు బిల్లు కట్టడానికి తీసుకుందట. "ఏమండీ, ఇదేదో ల్యాబ్ నుంచి వచ్చింది, ఐదు రోజులైనట్టుంది, చూశారా?" అంది. చూడలేదన్నాను, చూడకపోవడానికి కారణం ఇప్పుడే అమ్మాయికి చెబుతున్నానన్నాను. ఆమె సిద్ధాంతం కోసం ఆగలేదు. తెరిచింది. మొదటి పేజీ చదివింది. వేలితో పైకి తోసి రెండో పేజీ చదివింది. తల ఎత్తి నా వైపు చూసింది.

మా అమ్మాయి కూడా చూసింది. నేను మనసులో ఫ్రేములు లెక్కపెడుతున్నాను. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

ఇరవై దాటాయి. ఆమె ఇంకా ఏమీ అనలేదు.